లాడ్ బజార్‌కి బయల్దేరే ముందు పలకరింపుల జాగ్రత్తలు

గాజులకని చార్మినార్ వైపు వెళ్తున్నారా? చిల్లరతో పాటు నాలుగు ఉర్దూ ముక్కలు కూడా దగ్గర పెట్టుకోండి.

ముందు "ఆప్", "తుమ్" తేడా చూసుకోండి. మన మీరు, నువ్వు లాంటిదే, కానీ బేరం హడావిడిలో నోటికి తుమ్ వచ్చేస్తుంది. పోయిన రంజాన్‌కి తెల్లగడ్డం ఉన్న ఒక గాజులాయన్ని "తుమ్ కిత్నే మే దేతే" (నువ్వు ఎంతకిస్తావ్) అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు, "ఆప్ బోలో" (మీరు చెప్పండి) అన్నాడంతే, ఆ "ఆప్" కొంచెం ఒత్తి పలికాడు, నాకు చెవులు వేడెక్కిపోయాయి.

ఎవరైనా "అస్సలాము అలైకుం" అంటే జవాబు తిరగేసి చెప్పాలి: "వ అలైకుం అస్సలాం". అంత నోరు తిరగదంటే "ఆదాబ్" చాలు, దానికి మతంతో పని లేదు. కుడి అరచెయ్యి మొహం వైపు తిప్పి నుదుటి దాకా ఎత్తుతారు కాబట్టి సంచులన్నీ ముందే ఎడమ చేతికి మార్చుకోండి.

"హౌ" అంటే అవును, "నక్కో" అంటే వద్దు. నక్కో అనడం సరదాగానే ఉంటుంది గానీ పెద్దవాళ్లు చాయ్ ఇస్తుంటే మొహం మీద అలా అనకండి, "నై, షుక్రియా" అనండి. అసలు తాగేయడమే మంచిది.

అటునుంచి బేగంబజార్ వెళ్తే మార్వాడీ సేఠ్‌లకు "రామ్ రామ్ సా".

ఇవన్నీ బట్టీ పట్టి వెళ్తే సగం మంది దుకాణం వాళ్లు "రా అక్కా, ఏం కావాలె?" అనే పిలుస్తారు, అది వేరే సంగతి.