డీసీఓ చెక్ ఎర్రగానే ఉంటే: నా అనుభవం

కోడ్ బాగానే ఉంది, టెస్టులన్నీ పాస్. పుల్ రిక్వెస్ట్‌లో (నా మార్పులు ప్రాజెక్టులో కలపమని పంపిన అభ్యర్థనలో) డీసీఓ చెక్ మాత్రం ఫెయిల్. డీసీఓ అంటే డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్: ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని ప్రతి కమిట్‌లో (గిట్‌లో నమోదు చేసిన మార్పులో) ‘సైన్డ్-ఆఫ్-బై’ అనే సంతకం లైన్ పెట్టడం. 2004లో లైనక్స్ కెర్నెల్‌లో మొదలైన ఈ సంతకం పద్ధతి ఇప్పుడు చాలా ప్రాజెక్టుల్లో ఉంది. చెక్ మళ్లీ రన్ చేయడం, కామెంట్‌లో సంతకం పెట్టడం, కొత్త కమిట్ చేర్చడం: ఏదీ పనిచేయలేదు.

గిట్ లాగ్‌లో ‘ఆథర్’ లైన్‌నీ ‘సైన్డ్-ఆఫ్-బై’ లైన్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేలింది. రెండింట్లో మెయిల్ ఐడీలు వేరు, అందుకే చెక్ ఫెయిల్. ముందు గిట్ కాన్ఫిగ్‌లో సరైన మెయిల్ పెట్టాను. తర్వాత మెయిన్ బ్రాంచ్ మీదికి రీబేస్ చేస్తూ (నా కమిట్‌లను దాని మీద మళ్లీ పేరుస్తూ), ఎగ్జెక్ ఆప్షన్‌తో ప్రతి కమిట్‌కూ అమెండ్ (కమిట్‌ని సరిదిద్దడం), రీసెట్-ఆథర్ (ఆథర్‌గా నన్ను పెట్టడం), సైన్ఆఫ్ (సంతకం లైన్ చేర్చడం) మూడూ కలిపి నడిపాను. మళ్లీ లాగ్ చూసుకుని, ఫోర్స్-విత్-లీజ్‌తో (సర్వర్‌లో మనం చూడని కొత్త మార్పులు లేకపోతేనే పాత కమిట్‌ల స్థానంలో కొత్తవి పెట్టే ఆప్షన్‌తో) పుష్ చేశాను. చెక్ పచ్చబడింది.

బ్రాంచ్‌లో వేరేవాళ్ల కమిట్‌లుంటే మాత్రం ఇలా చేయకండి, వాళ్ల పేరు పోయి మీ పేరు పడుతుంది. సీఎల్ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్ అనే విడి ఒప్పందం) అడిగే ప్రాజెక్టుల సంగతి వేరు, అక్కడ ఇది పనికిరాదు.