ఎగిరే పక్షిని ఫొటో తీయడం ఎలా? తేలినీలాపురంలో నేర్చుకున్న పద్ధతి

ఎగిరే పక్షి ఫొటో బాగా రాకపోతే చాలామంది లెన్సును తప్పుపడతారు. తప్పు ఎక్కువసార్లు మనం నిలబడిన చోటులో ఉంటుంది. తేలినీలాపురంలో నేను మొదటి రోజు తీసిన ఫొటోల్లో దాదాపు అన్నీ తోకలే. పక్షి ఎటు నుంచి వస్తుందో గమనించకుండా, అది దాటిపోయాక వెంటపడి తీశాను.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి ఈ ఊరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా చలికాలానికి ముందే వస్తాయి. చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. మేతకు నౌపడ వైపు చిత్తడి నేలలకు పోయి మళ్లీ అదే గూటికి తిరిగి వస్తుంటాయి. పెద్ద ఒళ్లు, నిదానంగా ఆడే రెక్కలు, తిరిగి తిరిగి అదే చెట్టుకు రాక. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి బడి లేదు. వానాకాలంలో అయితే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దొరుకుతాయి.

ముందు గాలి చూడండి

కెమెరా తీయకముందే తాటి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూడండి. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే వాలుతుంది. గాలి మీ వీపుకు తగులుతుంటే వాలే పక్షి మీకు ముఖం చూపిస్తుంది. ఉదయపు ఎండ కూడా వీపు మీదే పడితే ఇక అక్కడి నుంచి కదలకండి. రెండూ కుదరకపోతే నేను ఎండకే ఓటు వేస్తాను. వెలుగు పడని కన్నును తరువాత ఏ కంప్యూటరూ పూర్తిగా బాగుచేయలేదు. తెల్లవారిన తరువాతి రెండు గంటలు అన్నిటికన్నా మేలు. పొద్దెక్కి నేల వేడెక్కితే ఈ పెద్ద పక్షులు వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ చుక్కల్లా పైకి వెళ్లిపోతాయి.

కెమెరాలో మార్చాల్సినవి

షట్టర్ వేగం సెకనులో 1600వ వంతు పెట్టండి. చిన్న, చురుకైన పక్షులకు 2500వ వంతు కావాలి. వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓను ఆటోలో వదిలేయండి. ఫొటోలో గరుకుదనం కొంచెం కనిపించినా ఫరవాలేదు, చెదిరిన రెక్కను మాత్రం సరిచేయలేం. కదిలే వస్తువును వదలకుండా పట్టుకునే ఫోకస్ ఎంచుకోండి. కెనాన్‌లో దాని పేరు ఏఐ సర్వో (కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో సర్వో ఏఎఫ్), నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. వరుస ఫొటోలు పడేలా బర్స్ట్ పెట్టండి.

వెలుగు విషయంలో ఒక చిక్కు ఉంది. తెల్లటి ఆకాశం వెనుక ఉంటే పక్షి నల్లగా వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, ఒక స్టాప్ (రెట్టింపు) పెంచండి. అదే పక్షి పచ్చని చెట్ల ముందుకు రాగానే ఆ ఒక స్టాప్ తగ్గించేయండి, లేకపోతే తెల్ల ఈకలు సున్నం పూసినట్టు వెలిసిపోతాయి.

దూరం నుంచే పట్టుకోండి

పక్షి చిన్నగా కనిపిస్తున్నప్పుడే కెమెరా కంటికి ఆనించి, దానితోపాటు తిరుగుతూ ఉండండి. కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, నడుము నుంచి తిరగాలి. చేతులు మాత్రమే తిప్పితే కుదుపు తప్పదు. ఫ్రేములో ముక్కు ముందు కాస్త ఖాళీ వదలండి.

గూడబాతు వాలేటప్పుడు ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. రెక్కలు కదలకుండా జారుతూ వచ్చి, గూటి దగ్గర ఒళ్లు నిలువుగా లేపుతుంది. పొరతో కలిసిన వేళ్లు విచ్చుకుని పాదాలు ముందుకు వస్తాయి. రెక్కలు రెండూ గొడుగులా తెరుచుకుని గాలిని ఆపుతాయి. వేగం తగ్గే ఆ క్షణంలోనే బర్స్ట్ నొక్కాలి. ముక్కున పుల్లతో వస్తుంటే ఇంకా మంచి ఫొటో.

గూళ్లకు దూరంగా ఉండండి. మంచి ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపడం నేరంతో సమానమని నా అభిప్రాయం. తల్లి లేచిపోతే ఎండలో పిల్లలు, గుడ్లు దిక్కులేకుండా మిగులుతాయి. డ్రోన్ అసలు తీసుకెళ్లవద్దు. తమ ఇళ్ల పక్కనే ఈ పక్షుల్ని తరతరాలుగా అతిథుల్లా చూసుకుంటున్న ఊరివాళ్లను అడిగితే, దూరంగా నిలబడి చూడడానికి అనువైన చోటు వాళ్లే చూపిస్తారు.

అక్కడికి వెళ్లేముందు మీ ఊరి పొలంలో ఒక వారం సాధన చేయండి. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనుక తెల్లకొంగలు నిమిషానికోసారి లేచి వాలుతుంటాయి. వాటిలో పది ఫొటోలకు నాలుగైనా కన్ను స్పష్టంగా వచ్చాక టెక్కలి బస్సెక్కండి.