క్యాన్సర్ ముదిరిన మనిషిని ఇంట్లో చూసుకోవడం: మందులు, పక్క, నోరు, మిగతావి

"ఇక కీమో వద్దు, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అంటారు డాక్టర్లు. ఆ బాగా అంటే ఏంటో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను హైదరాబాద్‌లో హోమ్ కేర్ నర్సుని, ఇళ్లకెళ్తే నన్ను అందరూ అడిగేవి దాదాపు ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా. మందుల డోసు మాత్రం మీ డాక్టరు రాసిందే ఫైనల్, ఇక్కడ చదివి మార్చకండి.

డిశ్చార్జ్ అయ్యే ముందే పాలియేటివ్ కేర్‌లో, అంటే జబ్బు నయం చేయడం కాకుండా నొప్పి, బాధ తగ్గించే విభాగంలో, పేరు రాయించుకోండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పైస్ (చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే కేంద్రం) వాళ్లు ఫ్రీగా చూస్తారు. ఇంటికొచ్చే టీమ్ మీ ఏరియా వరకు వస్తుందా, రాత్రి ఏ నంబర్‌కి చేయాలి, ఈ రెండూ అప్పుడే అడిగి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, నొప్పి. మార్ఫిన్ పేరెత్తగానే ఇంట్లో ఎవరో ఒకరు "అమ్మో అది మత్తు మందు కదా, అలవాటైపోద్ది, అది మొదలెడితే ఇక అయిపోయినట్టే" అంటారు. నొప్పికి సరైన డోసులో వాడితే అలవాటు భయం చాలా తక్కువ, ప్రాణం తీసే మందు కూడా కాదది, నొప్పి తగ్గి మనిషి కాస్త నిద్రపోతాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. తప్పెక్కడ జరుగుతుందంటే నొప్పి వచ్చాక ఇద్దాంలే అని ఆగుతారు. మామూలు మార్ఫిన్ టాబ్లెట్ పని నాలుగు గంటలే, అందుకే పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10, ఇలా టైమ్ ప్రకారం ఇవ్వాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. మధ్యలో నిద్ర లేపకుండా రాత్రి డోసు ఎక్కువ రాస్తారు చాలామంది డాక్టర్లు, అది రాసిన చీటీలో చూసుకోండి. రెండు డోసుల మధ్య నొప్పి ఎగదన్నితే ఇచ్చే ఎక్స్‌ట్రా డోసు కూడా ముందే రాయించుకోవాలి. ఒక నోట్‌బుక్‌లో టైమ్, ఏ మందు, నొప్పి పదికి ఎంత అని రాసి పెడితే డాక్టరు డోసు సరిచేయడం తేలిక, "నిన్నంతా బాధపడ్డాడండీ" అంటే ఆయనకేం అర్థమవుద్ది.

మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉంటుంది, వాంతి వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మార్ఫిన్‌తోపాటే విరేచనం మందు రోజూ ఉండాలి, అడిగి రాయించుకోండి. పిలిచినా లేవకపోతే, శ్వాస బాగా నెమ్మదిస్తే వెంటనే టీమ్‌కి ఫోన్. ఎస్ఆర్ (మందు మెల్లమెల్లగా విడుదలయ్యే రకం) అని రాసున్న టాబ్లెట్‌ని నూరి ఇవ్వకూడదు. ఫెంటనిల్ ప్యాచ్ (చర్మానికి అతికించే నొప్పి మందు) అయితే సాధారణంగా మూడు రోజులకోసారి మారుస్తారు, దాని మీద వేడి నీళ్ల బ్యాగ్ పెట్టొద్దు.

ఇంకోటి, మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తు మందుల మీద నియంత్రణ చట్టం) 2014లో సవరించి కొంచెం తేలిక చేశారు గానీ ఇప్పటికీ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు, సెంటర్లకే వెళ్లాలి. వారానికి సరిపడా మిగిలుండగానే తెచ్చుకోండి, నిమజ్జనం రోజు స్ట్రిప్ అయిపోతే ఆ ట్రాఫిక్‌లో రెడ్‌హిల్స్ చేరడం మీ వల్ల కాదు.

పక్క మార్చడం. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని వదిలేస్తారు, అది సాయమే గానీ రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. మంచం, ఎయిర్ బెడ్ కోఠి సర్జికల్ షాపుల్లో అడగండి, అద్దెకిచ్చేవాళ్లు కూడా సిటీలో ఉన్నారు. బోరబండలో ఒకింట్లో కొడుకు ఒక్కడే నాన్నని చంకల కింద చేతులేసి పైకి లాగుతున్నాడు, ఆయన మూలుగుతున్నాడు, వీపు చర్మం దుప్పటికి రాసుకుని ఎర్రబడింది. పాత చీరని నాలుగు మడతలేసి భుజాల నుంచి తుంటి దాకా కింద పరిపించా. "బాబాయ్, ఇటు తిరుగుదామా" అని చెప్పి, చెప్పకుండా ఎప్పుడూ కదపకూడదు, ఇద్దరం చెరో అంచు చుట్టి పట్టుకుని ఒకేసారి లేపి జరిపాం, వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడతపెట్టిన టవల్. ఆయన "హా" అన్నాడు, అంతే. నడుము కింద ఎముక, తుంటి, మడమలు రోజూ చూడండి, ఎర్రబడ్డచోట రుద్దొద్దు, ఆ వైపు బరువు పడకుండా చేస్తే చాలు. గుండ్రటి రింగ్ దిండ్లు వద్దు, వాటివల్ల చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది.

నోటి సంగతి అందరూ మర్చిపోతారు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంట సోడా, చిటికెడు ఉప్పు వేసి పుక్కిలించాలి, చేతకాకపోతే తడిపిన గాజ్ గుడ్డ (పుండ్లకి కట్టే పల్చటి గుడ్డ) వేలికి చుట్టి మెల్లగా తుడవండి, పెదాలకి వ్యాజిలిన్. నాలుక మీద తెల్లటి పొర కడితే ఫంగస్ కావచ్చు, మందుంది.

పుండు వాసన వస్తుంటే అగరుబత్తులు వెలిగించి లాభం లేదు, మెట్రోనిడజోల్ పొడి పుండు మీద చల్లడం గురించి టీమ్‌ని అడగండి, డ్రెస్సింగ్ తీసేముందు సెలైన్‌తో బాగా తడిపితే అంటుకోదు, రక్తం రాదు.

తిండి విషయంలో కొట్లాట వద్దు. అత్తమ్మో అక్కో వచ్చి "ఏం తినట్లేదు, ఎట్ల బతుకుతడు" అని ముద్దలు కుక్కుతారు, శరీరమే అరిగించుకునే స్థితిలో లేదప్పుడు. అడిగినప్పుడు రెండు చెంచాల రాగి జావ, మజ్జిగ, ఐస్ ముక్క, కూర్చోబెట్టే ఇవ్వాలి. చివరి రోజుల్లో సెలైన్ ఎక్కించమని పట్టుబడితే చాలాసార్లు వాపు, గొంతులో గురగుర పెరుగుతాయి.

ఆయాసమొస్తే తల వైపు ఎత్తు పెంచి, కిటికీ తెరిచి, చిన్న ఫ్యాన్ ముఖానికి తిప్పండి.

కాళ్లు ఉన్నట్టుండి బలం తప్పడం, వెన్నునొప్పితోపాటు మూత్రం ఆగిపోవడం, ఇది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి, రేపు చూద్దాం కుదరదు. ఫిట్స్, ఆగని రక్తం కూడా అంతే. గడ్డ పగిలి రక్తం వచ్చే ప్రమాదముందని డాక్టరు చెప్తే ముదురు రంగు టవల్స్ దగ్గరుంచుకోండి, తెల్లదాని మీద రక్తం చూస్తే మనిషి ఇంకా భయపడతాడు.

"ఆయనకి చెప్పొద్దు మేడమ్" అని గుమ్మంలోనే చెవిలో చెప్తారు. నాకు తెలిసినంతవరకు లోపల మంచంమీద ఉన్నాయనకి తెలిసిపోయే ఉంటుంది, ఆయన అడిగితే అబద్ధం చెప్పకండి, అడగకపోతే బలవంతంగా చెప్పకండి.

చివర్లో ఇంట్లోనే పోతే డాక్టరు మరణ ధృవీకరణ రాసివ్వాలి, ఎవరు రాస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆసుపత్రి ఫైలు, ఆధార్ ఒకే కవర్‌లో ఉంచండి. 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. మిగిలిన మార్ఫిన్ టాబ్లెట్లు చెత్తబుట్టలో పడేయొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు, తెచ్చుకున్న సెంటర్‌కే తిరిగి ఇచ్చేయండి.