వంటచెరకు కోసం పది సెంట్ల తోపు

పొలం మూలన పది సెంట్ల మెట్ట నేల ఖాళీగా ఉన్నవారు, తొలకరి వానలు నిలకడగా పడగానే రెండు మీటర్ల ఎడంతో కానుగ, సీమచింత, వేప మొక్కలను కలిపి నాటుకుంటే సుమారు 100 చెట్లు పడతాయి. ఈ మూడింటినే చెప్పడానికి కారణం, నరికిన మోడు నుంచి ఇవి బాగా చిగురించడం. సరుగుడు అలా చిగురించదు కనుక, నరికిన ప్రతిసారీ మళ్లీ నాటుకోవలసి వస్తుంది. సుబాబుల్ చిగురిస్తుంది గానీ, రాలిన గింజలు పక్క చేలో మొలిచి పొరుగువారితో తగవు తెచ్చిపెడతాయి.

మొదటి రెండేళ్లు మేకలు చొరబడకుండా కంప కట్టడమే అసలు పని. కాండం ముంజేతి లావు దాటాక, తోపును నాలుగు భాగాలుగా అనుకొని, ఏటా ఒక్క భాగాన్నే మాఘమాసంలో, కొత్త చిగురు రాకముందు, గూళ్లేవీ లేవని చూసుకొని, నేలకు జానెడు ఎత్తున నరకాలి. కోత ఏటవాలుగా ఉంటే వాన నీరు మోడుపై నిలవదు. మొద్దుబారిన గొడ్డలితో కొట్టి బెరడు చీలిస్తే మాత్రం మోడు కుళ్లుతుంది. చిగుళ్లు గుత్తిగా వచ్చినప్పుడు బలమైన రెండు మూడింటిని ఉంచి, మిగిలినవి తీసేయాలి.

గట్టు పక్కన నాటిన సీమచింతల్లో రెండింటిని మాత్రం ఎప్పటికీ కొట్టవద్దు. వేసవిలో వాటి కాయలు విచ్చుకోగానే తెల్లని గుజ్జు కోసం రామచిలుకలు వాలతాయి. ఎండిపోయిన కొమ్మను పొయ్యిలోకి లాగకుండా వదిలేస్తే, కంసాలి పిట్ట దానికి గుండ్రని తొర్ర తొలుచుకొని గుడ్లు పెడుతుంది.