ఆఫీసు కుర్చీ కొనేముందు తిరగేసి చూడండి

ఇంట్లో పని కోసం డిజైనర్ కుర్చీ చూస్తున్నారా? రంగు, రూపం తర్వాత చూడొచ్చు, మొదట చక్రాలు చూడండి. తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో నేల ఎక్కువగా గ్రానైటో టైల్సో. చాలా కుర్చీలకు వచ్చే గట్టి నైలాన్ చక్రాలు కార్పెట్‌కు సరిపోయేవి. నున్నటి నేల మీద జారిపోతాయి, ఇసుక చిక్కితే గీతలు పెడతాయి. వాటి బదులు మెత్తటి పీయూ (పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్) చక్రాలు ఐదు వేసుకోండి.

కొనేముందు చక్రానికి ఉండే కాడ, అంటే కుర్చీ కాలి రంధ్రంలో దూరే కడ్డీ, మందం కొలవండి. ఎక్కువ కుర్చీలకు 11 మి.మీ., కొన్నిటికి 10. 11 రంధ్రంలో 10 కాడ పెడితే కుర్చీ ఎత్తినప్పుడల్లా చక్రం ఊడి పడుతుంది. మార్చడానికి కుర్చీని పక్కకు పడుకోబెట్టి పాతదాన్ని తిన్నగా లాగాలి, రాకపోతే స్క్రూడ్రైవర్‌తో కొంచెం లేపండి. కొత్తది టక్కుమనేదాకా నొక్కాలి.

వీపు భాగం మెష్‌దే, అంటే గాలి ఆడే జాలీ గుడ్డదే తీసుకోండి. మన ఎండాకాలంలో రెక్సిన్‌కు వీపు అంటుకుపోతుంది. పైగా చవక రకం రెక్సిన్ చెమటకు, తలనూనెకు పొరలు పొరలుగా లేచిపోతుంది, ముందు తల ఆనే చోట, చేతులు పెట్టే చోట.

కూర్చున్నాక సీటు దానంతట అదే దిగిపోతుంటే సీటు కింద ఎత్తు మార్చే గ్యాస్ సిలిండర్ పోయినట్టే. కుర్చీ పారేయొద్దు, సిలిండర్ ఒక్కటే మార్పిస్తే చాలు. దాన్ని కోయడం, రంధ్రం చేయడం మాత్రం వద్దే వద్దు, లోపల గ్యాస్ చాలా ఒత్తిడితో ఉంటుంది.