పైథాన్‌లో తెలుగు మాటల వేట – 4వ భాగం: కామాలు, చుక్కలు, మాట హద్దులు

గత భాగంలో స్ప్లిట్‌తో వాక్యాన్ని మాటలుగా విడగొట్టాం. ఇప్పుడు ఈ వాక్యం తీసుకోండి: కాకి వచ్చింది, పిచ్చుక రాలేదు. మళ్ళీ కాకి!

ఇందులో ‘కాకి’ ఎన్నిసార్లు ఉందని అడిగితే మన ప్రోగ్రామ్ ఒకటే అంటుంది. స్ప్లిట్ ఖాళీల దగ్గరే తెంపుతుంది కాబట్టి ఆఖరి మాట ఆశ్చర్యార్థకంతో సహా ‘కాకి!’ గానే ఉండిపోయింది. పైథాన్ దృష్టిలో అది వేరే మాట.

సరే, ఒక ముక్క వాక్యంలో ఉందో లేదో చెప్పే ‘ఇన్’ వాడదామా? వద్దు. ‘కల’ కోసం వెతికితే ‘కలం’, ‘కలప’ కూడా పట్టుకొస్తుంది.

స్ప్లిట్ చేశాక ప్రతి మాటకీ స్ట్రిప్ వాడండి. స్ట్రింగ్ మాడ్యూల్‌లో పంక్చుయేషన్ అనే పేరుతో 32 గుర్తులు సిద్ధంగా ఉన్నాయి. వాటిని స్ట్రిప్‌కి ఇస్తే మాటకు రెండు కొసలా ఉన్నవి పోతాయి, ‘అక్క-చెల్లెలు’ మధ్య గీత మాత్రం భద్రంగా ఉంటుంది. రీప్లేస్ కన్నా నాకు ఇదే నచ్చుతుంది. అయితే ఆ 32 గుర్తులూ ఆస్కీవే, అంటే మామూలు ఇంగ్లిష్ కీబోర్డు మీదివే. మనవాళ్ళు రోజూ టైప్ చేసే “ ” వంపు కోట్లు, … మూడు చుక్కలు, పద్యాల్లోని । దండం అందులో లేవు. వాటిని మీరే చేర్చాలి.

ఇక నమూనా రాసి మాటల్ని వెతికించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. ఇంగ్లిష్ పాఠాలన్నీ మాట హద్దుకి బ్యాక్‌స్లాష్ బి వాడమంటాయి. తెలుగులో దాన్ని నమ్మకండి. పైథాన్‌తో వచ్చే ‘ఆర్‌ఈ’ మాడ్యూల్ గుణింతపు గుర్తుల్ని, పొల్లుని, సున్నాని అక్షరాలుగా లెక్కించదు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, ప్లస్ (అంటే వరుసగా ఉన్న అక్షరాలన్నీ ఒక ముక్కగా) ఇచ్చి ‘తెలుగు’లో వెతికిస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ‘కాకి’కి రెండువైపులా బ్యాక్‌స్లాష్ బి పెడితే అసలు దొరకనే దొరకదు: చివరి గుడి దానికి అక్షరం కాదు, పక్కనున్న ఖాళీ కూడా కాదు, ఇక హద్దెక్కడిది? మనది అజంత భాష, చాలా మాటలు గుణింతంతోనే ముగుస్తాయి, కాబట్టి ఈ దెబ్బ చిన్నది కాదు. అదే ‘కల’ అయితే ‘కలం’లో కూడా దొరికిపోతుంది, ల తర్వాత సున్నా దగ్గర హద్దు ఉందనుకుంటుంది.

అందుకని హద్దుని మనమే చెబుదాం. మాటకు ముందు నెగటివ్ లుక్‌బిహైండ్, వెనక నెగటివ్ లుక్‌అహెడ్ పెట్టి, రెండింటిలోనూ తెలుగు యూనికోడ్ పరిధి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఇవ్వండి. అంటే అటూ ఇటూ తెలుగు గుర్తేదీ ఉండకూడదని. ఆ పరిధి పక్కనే 200సి కూడా రాయండి. అది కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘బస్‌స్టాండ్’ మధ్యలో ఉండేది అదే. వదిలేస్తే ‘బస్’ వెతికినప్పుడు ‘బస్‌స్టాండ్’ కూడా వచ్చి పడుతుంది.

అభ్యాసం: కాకి, “కాకి”, కాకి…, కాకిలా. ఈ నాలుగింటినీ ఒక లిస్ట్‌లో పెట్టి, స్ట్రిప్ పద్ధతిలో ఒకసారి, లుక్‌అరౌండ్ (పైన చెప్పిన లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్) పద్ధతిలో ఒకసారి ‘కాకి’ని వెతకండి. రెండింటికీ మూడు రావాలి. స్ట్రిప్‌కి ఒకటే వస్తే వంపు కోట్లు, మూడు చుక్కలు చేర్చారో లేదో చూసుకోండి. ‘కాకిని’, ‘కాకికి’ లాంటి విభక్తుల సంగతి 5వ భాగంలో.