బండికి చోర్ స్విచ్: ఎక్కడ పెట్టాలి, ఏ వైరుకు పెట్టాలి

నా పాత స్ప్లెండర్ పోయింది వరంగల్‌లో ఒక ఆస్పత్రి బయట. లోపల అత్తమ్మకు అన్నం డబ్బా ఇచ్చి పావుగంటలో బయటికొచ్చాను, పెట్టిన చోట బండి లేదు. హ్యాండిల్ లాక్ వేశానని బాగా గుర్తుంది, తాళం చెవి నా జేబులోనే ఉంది. తర్వాత తెలిసిన మెకానిక్ అన్న చెప్పాడు, ఆ మోడల్‌లో హెడ్‌లైట్ వెనక ఉండే ఇగ్నిషన్ సాకెట్, అంటే తాళం వైర్లు కలిసే ప్లగ్గు, ఊడపీకితే చాలు, కిక్ కొడితే బండి స్టార్ట్ అయిపోతుందని. ఎనిమిదేళ్లు నడిపిన బండి అంత సులువుగా పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. అందుకే ఆ తర్వాత మా ఇంట్లో కొన్న ప్రతి బండికీ, మా తమ్ముడి బండికీ, మా మామయ్య ట్రాలీ ఆటోకీ దాచిన స్విచ్ పెట్టించాను, చాలావాటికి నేనే కూర్చుని పెట్టాను. అది ఎక్కడుందో తెలియనివాళ్లు బండి స్టార్ట్ చేయలేరు, మెకానిక్‌లు దీన్నే చోర్ స్విచ్ అంటారు. హ్యాండిల్ మీద ఉండే ఎర్ర కిల్ స్విచ్ కాదు, అది దొంగకూ కనిపిస్తుంది.

ముందు ఒక మాట అర్థం చేసుకోండి. దొంగకు బండి దగ్గర నిలబడే టైం చాలా తక్కువ. పొద్దున్నే కాజీపేట స్టేషన్ దగ్గర బండి పెట్టి రైలెక్కి సికింద్రాబాద్ పోయి రాత్రికి వచ్చేవాళ్ల బండ్లయినా, ఏనుమాముల మార్కెట్ బయట మిర్చి అమ్ముకోను వచ్చిన రైతుల బండ్లయినా, చుట్టూ జనం తిరుగుతూనే ఉంటారు. వాడు లాక్ విరిచి, వైర్లు కలిపి, నాలుగుసార్లు కిక్ కొట్టినా బండి కదలకపోతే ఇది రిపేర్ బండి అనుకుని పక్క బండి వైపు పోతాడు. కాబట్టి లైట్లు, హారన్, ఇండికేటర్ అన్నీ మామూలుగా పనిచేయాలి, స్టార్ట్ మాత్రం కాకూడదు. కొందరు బ్యాటరీ వైరే కట్ చేసి స్విచ్ పెడతారు, అప్పుడు బండి మొత్తం చచ్చినట్టు ఉంటుంది, దాంతో ఎక్కడో స్విచ్ ఉందని వాడికి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ వైరుకు పెట్టాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తాళం కింద నుంచి వచ్చే వైరుకు, అంటే హ్యాండిల్ దగ్గరే స్విచ్ పెడతారు. దొంగ సాకెట్ పీకి వైర్లు కలిపితే తాళంతో పాటు మీ స్విచ్ కూడా పక్కకు పోతుంది, పెట్టినా పెట్టనట్టే. స్విచ్ ఎప్పుడూ సాకెట్ దాటిన తర్వాత, కరెంటు చివరికి చేరే చోటికి దగ్గరగా, అంటే సీడీఐకో (ప్లగ్గుకు స్పార్క్ పంపే పెట్టె), ఈసీయూకో (కొత్త బండ్లలో ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్), పెట్రోల్ పంపుకో పోయే వైరు మీద ఉండాలి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఎక్కువ శాతం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, ట్యాంకులో చిన్న కరెంటు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు గుర్ర్ మని సౌండ్ వస్తుంది చూడండి, అది ఆ పంపుదే. ఆ పంపు పాజిటివ్ వైరుకు స్విచ్ పెడితే స్టార్టర్ తిరుగుతుంది కానీ పెట్రోల్ రాదు. పైపులో మిగిలిన ప్రెషర్‌తో కొన్నిసార్లు ఇంజన్ అంటుకుని కాసేపటికే ఆగిపోతుంది, దొంగకు అది ఇంకా గందరగోళం. కొన్ని బండ్లలో ఇలా చేస్తే మీటర్లో ఇంజన్ లైటు వెలగొచ్చు, అలాంటివాటికి ఈసీయూకు తాళం నుంచి పోయే 12 వోల్టుల వైరు ఎంచుకోవడం మంచిది. వైరు గుర్తుపట్టడానికి రంగును నమ్మొద్దు, కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. మల్టీమీటర్ పెట్టి, తాళం ఆన్‌లో 12 వోల్టులు, ఆఫ్‌లో సున్నా చూపిస్తేనే తర్వాతి అడుగు.

పాత కార్బరేటర్ బండ్లు, ముఖ్యంగా ఏసీ సీడీఐ (బ్యాటరీతో కాకుండా ఇంజన్ తిరిగితే పుట్టే కరెంటుతో పనిచేసేది) ఉన్నవాటి లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాటిలో తాళం ఆఫ్ చేస్తే సీడీఐ నుంచి వచ్చే ఒక వైరు బాడీకి, అంటే ఎర్త్‌కు కలుస్తుంది, అందుకే స్పార్క్ ఆగుతుంది. సాకెట్ పీకేస్తే ఆ వైరు ఎర్త్‌కు కలవదు, బండి స్టార్ట్! నా స్ప్లెండర్ పోయింది ఇలాగే. అలాంటి బండికి సీడీఐ దగ్గరే ఆ వైరు నుంచి ఇంకో వైరు తీసి, దాచిన స్విచ్ గుండా ఛాసీకి, అంటే బండి ఇనుప ఫ్రేముకు, కలపాలి. స్విచ్ వేస్తే స్పార్క్ బంద్. ఇందులో ఇంకో లాభం ఉంది, ఎప్పుడైనా ఈ వైరు తెగినా, స్విచ్ కాంటాక్ట్ పోయినా, దారి మధ్యలో మీ బండి ఆగదు.

మిగతావాటిలో మాత్రం ఆగుతుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హైదరాబాద్ హైవే మీద వెనక లారీ వస్తుండగా గతుకుకు స్విచ్ వదులై ఇంజన్ ఆగిందంటే దొంగతనం కన్నా పెద్ద ప్రమాదం. అందుకే స్విచ్ నాణ్యతలో, జాయింట్‌లో పైసలకు వెనకాడకండి. కనీసం 10 ఆంపియర్ల డీసీ స్విచ్ తీసుకోండి, నొక్కితే టక్ మని గట్టిగా నిలబడేది కావాలి. వైరు కంపెనీ వైరుకు తగ్గని మందంతో, మామూలుగా 1 చదరపు మిల్లీమీటరు సరిపోతుంది. రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం అసలే వద్దు, మన దగ్గర మే నెల ఎండకు టేపు జిగురు కారిపోయి ఊడొస్తుంది. టంకం వేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. ఉన్న ఫ్యూజ్‌ను ఎట్టి పరిస్థితుల్లో తీసేయొద్దు, దాటేయొద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడం మర్చిపోకండి.

వారంటీలో ఉన్న బండికి కంపెనీ వైరు కోయడానికి నా మనసు ఒప్పదు. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో ఆ సైజు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్లు), మేల్ ఫీమేల్ జత, దొరికితే తెచ్చి మధ్యలో తగిలించే చిన్న వైరు ముక్క తయారుచేసుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకి అసలు సాకెట్లు కలిపేయొచ్చు.

దాచే చోటు గురించి నేను చాలా ఆలోచిస్తాను, ఎందుకంటే సగం బలం అందులోనే ఉంది. సీటు కింద బ్యాటరీ పక్కన వద్దు, ట్యాంకు ముందు వద్దు, అందరూ పెట్టేవీ దొంగ ముందు వెతికేవీ అవే. మీ చెయ్యి రోజూ మామూలుగా పోయే చోటు కావాలి, చూసేవాళ్లకు మీరు బండి ఎక్కుతున్నట్టో సీటు దులుపుతున్నట్టో అనిపించాలి. సైడ్ ప్యానెల్ కింది అంచు లోపల, సీటు వెనక గ్రాబ్ రైలు అడుగున, స్కూటీ అయితే కాళ్లు పెట్టే చోట ముందు ప్లాస్టిక్ వెనక, వేలికి తగిలి కంటికి కనపడని మూల వెతకండి. సైలెన్సర్ వేడికి దూరంగా, హ్యాండిల్ తిప్పినప్పుడు వైరు మడత పడని చోట పెట్టాలి. స్విచ్ మొహం కిందికి ఉంటే వాన నీళ్లు, సర్వీసింగ్‌లో కొట్టే ప్రెషర్ నీళ్లు నిలవవు, పైన రబ్బరు క్యాప్ కూడా వేయండి. ఇంకోటి, కొత్త ఎర్ర వైరు వాడితే మీరే దారి చూపించినట్టు. నల్ల వైరు తీసుకుని కంపెనీ వైర్లు పోయే గొట్టంలోనే నడిపించండి.

కార్లకు నా సలహా వేరు. నడుస్తున్న కారు ఆగే అవకాశమే ఉండకూడదు కాబట్టి పంపు జోలికి పోకుండా స్టార్టర్ రిలే (స్టార్టర్ మోటారుకు కరెంటు వదిలే చిన్న డబ్బా) దగ్గర పెట్టించండి. రిలేకు 85, 86 అని రెండు పిన్నులు ఉంటాయి, అవి కాయిల్‌వి, వాటిలో పోయే కరెంటు చాలా తక్కువ, చిన్న స్విచ్ సరిపోతుంది. పసుపు రంగు గొట్టంలో ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టనే ముట్టొద్దు. బటన్ స్టార్ట్ కారయితే సొంత ప్రయోగాలు మాని, బాగా తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి. ఇదే స్టార్టర్ పద్ధతి గేర్ బైకుకు పనికిరాదు, తోసి సెకండ్ గేర్‌లో వదిలినా అంటుకుంటుంది కదా.

నర్సంపేట, పరకాల వైపు ట్రాక్టర్లున్నవాళ్లు అడుగుతుంటారు. పాత డీజిల్ ట్రాక్టర్ ఒకసారి అంటుకుందంటే బ్యాటరీ తీసేసినా నడుస్తుంది, డీజిల్ పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది మరి. అక్కడ స్టార్టర్‌కే అడ్డం వేయగలం. ఏటవాలులో నిలిపితే దొర్లించి కూడా స్టార్ట్ చేస్తారు, కాబట్టి సమంగా ఉన్న చోట ఆపండి, చక్రానికి గొలుసు వేయండి. ఎలక్ట్రిక్ స్కూటర్ల వైర్ల జోలికి మాత్రం వెళ్లకండి.

బండిని ఎత్తి ట్రాలీలో వేసుకుపోయేవాడిని ఏ స్విచ్చూ ఆపలేదు. మేడారం జాతరకో ఐనవోలుకో పోయి బండి గంటల తరబడి వదిలేటప్పుడు దీనితో పాటు డిస్క్ లాక్ కూడా వేయండి. ఇంత చేసినా పోతే అదే రోజు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ చేయించి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి, వాళ్లు రెండు తాళం చెవులూ అడుగుతారు, రెండోది ఇంట్లో ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి.

స్విచ్ పెట్టాక వారం రోజులు ఊళ్లోనే, గతుకుల రోడ్ల మీద తిప్పి చూడండి, నీళ్లు కొట్టి కడిగి చూడండి, ఎక్కడా తడబడకపోతేనే హైవే ఎక్కండి. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు స్విచ్ బండి స్టార్ట్ అయ్యే స్థితిలో పెట్టి ఇవ్వండి, లేకపోతే మెకానిక్ వెతికి పట్టేస్తాడు, అక్కడున్న నలుగురికీ తెలుస్తుంది. ఇంట్లో ఒక్కరికైనా చోటు చూపించండి. స్విచ్ ఎక్కడుందో మా ఆవిడకు చెప్పకుండా నేను ఊరెళ్లిన రోజు రాత్రి బాబుకు జ్వరం వస్తే తను స్కూటీ స్టార్ట్ కాక ఎంత టెన్షన్ పడిందో ఫోన్‌లో గొంతు వింటేనే తెలిసింది, అప్పటికప్పుడు ఫోన్‌లోనే చెప్పాను, ఎడమ వైపు ప్యానెల్ కింద వేలు పెట్టు, టక్ మంటుంది అని.